నరమున్న నాలుక

"నరం లేని నాలుక, ఎట్లన్న తిరుగుతది" అంటది మా అత్త,
గిట్టనోళ్ల ముచ్చట వస్తే.
నా బిడ్డ నాలుక కిందనేమో నరమే ఉందంటున్నరు.
సన్నటి తెల్లటి పోగు.
నాలుక చాపమంటే కొన నడుమ నొక్కుకపోతది
గోరుతో నొక్కిన పిండిముద్ద లెక్క.

రితన్యకు నాలుగేండ్లు.
అంగన్‌వాడిల అంకెలు చెప్పమంటే
అయిదు దాక మంచిగనే పోతది,
ఆరు కాడ "ఆలు" అంటది.
"ఆలుగడ్డ!" అని పిల్లలు నవ్వుతరు.
అది గూడ నవ్వుతది, ఎందుకో తెల్వక.
మొన్నటి సంది అయిదు కాడ్నే ఆగి
ఏడుకు దుంకుతాంది.
ఆ దుంకుడు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలే.

"పురిటినాడే వస రంగరించి నాకిస్తే అయిపోవు,
మీ అవ్వ తేలే" అంటది అత్త.
"మా సారంగం గూడ ఆలిశంగనే మాట్లాడిండు,
కాపురం చేస్తలేడా?"
పక్కింటామెకు బిడ్డ మాట ముద్దుగున్నదట,
అట్లనే ఉండనీ అంటది.

నయీంనగర్ల ముక్కు చెవుల డాక్టరు
"రెండు నిమిషాల పని. మత్తిచ్చి కత్తిరిస్తం" అన్నడు.
తారీఖు రాసిచ్చిండు, రేటు గూడ రాసిచ్చిండు.
మాట నేర్పే మేడం తొందరపడలే.
పై పెదవికి తేనె పూసి నాకమన్నది.
సగం దాక వచ్చి ఆగింది నాలుక.
బిడ్డ వేలు పెట్టి తేనె తీసుకోని చప్పరించింది.
మేడం నవ్వింది, కాయితం మీద ఏందో రాసుకున్నది.
"నాలుగేండ్లకు 'ర' రాకపోవుడు వింతేం గాదమ్మా,
నాలుక లేవకపోవుడు వేరే సంగతి.
మూడు నెలలు కసరత్తు చేపించు, చూద్దాం.
కోసినా కసరత్తు తప్పదు.
మాట ఒక్క నాలుకతోనే రాదు గదా."

ఆటోల కూసున్నంక యాదికొచ్చింది,
పోచమ్మమైదాన్ దాటుతుంటే:
బాలింతనాడు రొమ్ము పగిలి నెత్తురొచ్చేది.
గంట తాగినంక గూడ బిడ్డ గుక్కపట్టి ఏడ్సేది.
"దీనికి పాలు పడలే" అన్నరు,
ఎల్లిపాయ కారం తినిపిచ్చిండ్రు.
అందరు నా రొమ్మునే తిట్టిండ్రు, నేను గూడ తిట్టుకున్న.
ఒక్కలన్న దాని నాలుక ఎత్తి చూడలే.

ఇంట్ల మగ్గం నడుస్తాంది.
నేను చెప్పిందంత ఇన్నడు, చేతులు ఆగలే.
జంపఖాన నేసేటోనికి పోగు తెంపుడు కొత్తనా?
ఏది తెంపాలె, ఏది ముడెయ్యాలె
ఆయన వేళ్లకే తెలుసు.
ఏమన్న అంటడేమోనని గుమ్మంల నిలవడ్డ.
అనలే. ఎన్నడేమన్నడు గనుక.

రాత్రి నీళ్లకు లేస్తే
సెల్లు లైటు పట్టుకోని అద్దం ముందున్నడు.
నోరు తెర్సి, నాలుక చాపి.
కొన నడుమ నొక్కు.
అదే పిండిముద్ద.

పదకొండేండ్ల కాపురం.
రేషన్ దుకాణంల పేరడిగితే కార్డు చేతుల పెట్టేటోడు.
కూలి తక్కువ కట్టినా తలూపి వచ్చేటోడు.
పెండ్లినాడు ఆడబిడ్డలు తలుపుకాడ ఆపి
నా పేరు చెప్పమంటే "సుచలిత" అన్నడు.
అందరు నవ్విండ్రు. సిగ్గనుకున్న నేను.
ఆ తర్వాత మళ్ల పేరు పెట్టి పిలువలే.

అది నరమా, గుణమా?
కోస్తే పోయేదా, కోసినా ఉండేదా?
ఇప్పుడు ఎవల్నడగాలె?
చెంబుతో నీళ్లిచ్చిన.
తాగి, అద్దం దిక్కే చూస్కుంట అన్నడు:
"మూన్నెల్లు చూద్దాం. తాలీకు చిట్టి పాలెయ్యకు.
కసలత్తు నేను గూడ చేస్త."

పొద్దుగాల ఇద్దరి పెదవుల మీద తేనె పూసిన.
డాక్టరు చిట్టి మగ్గం గుంజ సందుల దోపి ఉంది.
నాలుకలు పైకి ఎగబాకుతున్నయి, జారుతున్నయి,
మీసాలకంటిన తేనెకు బిడ్డ పడీపడీ నవ్వుతాంది.
తర్వాత అంకెలు.
నాలుగు. అయిదు.
ఆగింది. నా దిక్కు చూసింది.

"ఆలు" అన్నడాయన, గట్టిగ,
వాడకట్టంత ఇనేటట్టు.

నా బిడ్డ ఏడుకు దుంకలే.