రిమార్కుల గడి

కూర్మారావు గారి పుస్తకం పొడుగ్గా ఉంటుంది,
రైసుమిల్లు చిట్టా. అట్ట మీద ఊక వాసన.
ముప్పై ఏళ్లుగా గుణుపురంలో
ఎవరి ఒంట్లో ఏ నెత్తురుందో
పెన్సిలుతో, తెలుగులో, బస్తాల పద్దులాగే రాసుకున్నాడు.
తేదీ. పేరు. గ్రూపు.
చివర ఇంకొక గడి. దానికి పైన పేరేం లేదు.

ఆ పుస్తకాన్ని ఫోన్లోకి ఎక్కించే పని నాది.
నలభై గంటల సేవకి కాలేజీలో ఒక సర్టిఫికెట్టు.
మిల్లు వరండాలో ఆయన చదివేవాడు, నేను కొట్టేదాన్ని.

"బెహరా జగ్గారావు. బి పాజిటివ్.
రాత్రి పూట పిలవకు. తెల్లారితే దేవుడు."
"పండా గారబ్బాయి. సూది చూస్తే పడిపోతాడు,
సినిమా కబుర్లు చెప్పాల."
"సవర ఇసాకు. ఓ నెగటివ్. ఫోన్లేదు.
బుధవారం సంతలో, చింతపండు కాడ."
"పోలాకి నీలవేణి. ఏ పాజిటివ్. మొగుడికి తెలియనీకు."

యాప్‌లో రిమార్కులకి ఇరవై అక్షరాలు.
రాత్రి పూట పిలవకు దగ్గరే జగ్గారావు ఆగిపోయాడు,
తెల్లారనే లేదు.
ఫోను లేకపోతే ఎర్రగా వెలుగుతుంది: తప్పనిసరి.
ఇసాకుని వదిలేశాను.
నీలవేణి మాట పట్టేది. రాయడానికి నాకే మొహమాటం.
వాళ్ళింట్లో ఉన్న ఒకే నంబరు కనుక్కుని వేశాను.

చివర ఆయన పేరు.
ఫోనుకొచ్చిన ఆరంకెలూ చదివి వినిపిస్తూ నవ్వాడు:
"ఏటమ్మా, నెత్తురికి కూడా ఓటీపీయేనా?"
అరవై ఎనిమిదేళ్లని కొట్టగానే
మీరు అర్హులు కారు, ధన్యవాదాలు అంది.

అబద్ధమెందుకు, పనిచేసింది.
ఆషాఢంలో ఒక అర్ధరాత్రి, వంశధార నిండుగా ఉన్నప్పుడు
పర్లాకిమిడి నుంచి ఎవరో కుర్రాడు, తెలుగు ముక్క రాదు,
బండి మీద తడుస్తూ వచ్చి బాలింతకి రక్తమిచ్చి
ఒక సెల్ఫీ తీసుకుని తెల్లారేలోపు వెళ్ళిపోయాడు.
పుస్తకం అంత దూరం ఎప్పుడూ చూడలేదు.
కూర్మారావు గారు ఆ సంగతి
నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఆ వారమే నీలవేణి ఇంట్లో ఫోను టింగుమంది:
అభినందనలు, రక్తవీరా! ఇప్పటికి తొమ్మిది సార్లు.
పక్కన బంగారు పతకం, టపాకాయల బొమ్మ.
ఫోను ఆమె మొగుడి జేబులో ఉంది.

తొమ్మిది.
ఆ అంకె నేను కొట్టిందే.

తర్వాత ఆమెని రేషను లైన్లో చూశాను. మోచేతి దాకా కొంగు.
నన్ను చూసి తల తిప్పుకోలేదు. అదే కష్టంగా ఉంది.
పేరు తీసేద్దామంటే యాప్ కారణమడిగింది:
ఊరు మారారు. జబ్బు. మరణం.
నా తప్పు అనే గడి లేదు.

కూర్మారావు గారు తిట్టలేదు.
పుస్తకం తెరిచి, ఆ మాట మీద వేలుపెట్టి
కాసేపుంచి మూసేశాడు.
"చదివినాను గదా" అన్నాడు, నాతో కాదు.

మంగళవారం పుట్టాసింగి కొండ మీంచి ఒక పాపని దింపారు.
ఏడేళ్లు. సికిల్ సెల్. ఓ నెగటివ్.
మ్యాపులో మూడు చుక్కలు.
ఒకటి బెంగుళూరులో కదులుతోంది,
రెండు మోగి మోగి ఆగాయి.

తెల్లారి సంత సర్దుకోకముందే వెళ్ళాను.
చింతపండు కుప్పలు అన్నుంటాయని తెలీదు నాకు.
ప్రతి కుప్ప దగ్గరా పేరు అడిగాను.
అయిదో కుప్ప వెనక ఒకాయన
చేతులు దులుపుకుంటూ లేచాడు.

ఎవరికని అడగలేదు.
తక్కెడ పక్కామెకి అప్పజెప్పి
"కూర్మయ్య బాగున్నాడా?" అన్నాడు.