పంపు మార్చిన ఆదివారం

మా ఆయన కుడిబుజం పైకి లెయ్యడంల్యా.
మొన్న రాత్రి గువ్వలచెరువు ఘాటులో
స్టీరింగు బండరాయై కూచుందంట.
మదనపల్లె టమాటా నెత్తిన పెట్టుకోని
మలుపు మలుపుకూ సీట్లోంచి లేచి
ఒళ్ళంతా వేసి తిప్పినాడంట.
ప్రతిసారీ తెచ్చే పాలకోవ ఈసారి తేలేదు.
"ఆపితే మళ్ళా కదిలించలేనేమో అనుకున్యా" అన్నాడు.
పిల్ల అలిగింది.
నేను ఆ రెండు చేతులూ చూసి ఊరుకున్యా.

షెడ్డాయన కూలే ఆరువేలు అడిగినాడు.
పంపు గుత్తి రోడ్డు గుజిరీలో దొరికింది,
నాలుగువేల ఐదునూర్లు, తిట్టుకోని తిట్టించుకోని.
"తెచ్చినావు సరే, ఎవరు బిగిస్తారు?"
మంచం మీంచి అడిగినాడు.
"నోరు నీది, చేతులు నావి."

ఆదివారం తాడిపత్రిలో పాలిష్ మిషన్లు మూగపోతాయి.
బండల బురద ఎండి వీధంతా తెల్లపొడి.
చక్రాలకు నాపరాళ్ళు ఎగదోసినాం.
మా అత్త పీరమ్మ మంచాన్ని నీడకు లాగింది,
నా కాళ్ళయినా ఆయనకు కనబడేటట్టు.

ఎర్రంగా పోసిన నూనె
నల్లంగా దిగింది బేసినులోకి,
మాడిన తిరగవాత వాసన.
"పదిహేడు పానా తీసుకో. ఎడమకు తిప్పు."
"నీ ఎడమా, నా ఎడమా?"
"బోల్టు ఎడమ!"
మూడోది ఎంతకూ కదల్లేదు.
కిరసనాయిలు పోసినా, పైగంబర్లను పిలిచినా.
"బలం కాదే, పిడి పొడుగు చెయ్" అన్నాడు.
పాత బోరింగు పైపు ముక్క పానాకు తొడిగితే
కిర్రుమని లొంగింది.

ఊడొచ్చి నా ఎదమీద పడింది,
బొద్దు కోడిపెట్టంత బరువు.
దీని కడుపులో రెక్కలుంటాయంట,
అవి అరిగి నూనెను తొయ్యలేకపోయినాయంట.
ఇంత పిట్ట, అంత లారీని తిప్పుతాండిందా!

పాత పంపు గేరు కొత్తదానికి ఎక్కించాల.
రెంటినీ పట్టి ఉంచేది ఒక ఇనుప తునక.
హాఫ్‌మూన్ కీ అంటాడు ఆయన, గోరంత ఉంటుంది.
అదే జారింది
తెల్లపొడిలోకి.

మంచం మీద మాట పడిపోయింది.
తస్లీమా అలక మరిచి ఉరికింది,
చెడిపోయిన టేపురికార్డరు స్పీకరు పగలగొట్టి
అయస్కాంతం తెచ్చి నేలంతా దేకింది.
మేకులొచ్చినాయి, మీసాల్లాంటి ఇనుపరజనొచ్చింది,
పోయినేడు పోయిన నా పిన్నీసొచ్చింది.
అది రాలేదు.

మెట్టు మీద కూచోని శనక్కాయలు ఒలుస్తాండిన మా అత్త,
ఒక కంటికి ఆపరేషనైన మనిషి,
ఏటా మిద్దెక్కి అందరికన్నా ముందు
రంజాన్ వంకను చూసే మనిషి,
"టైరు పక్కన, ఆ పుల్ల కింద" అంది,
తల ఎత్తకుండానే.

కొత్త రాగి వాషర్లు. కొత్త నూనె.
ముందు చక్రాలు జాకీ మీద లేపి
పిల్లను సీట్లో కూచోబెట్టినాం.
"ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పు తల్లీ, మెల్లగా,
గాలి పోవాల."
నేను ట్యాంకులో బుడగలు చూస్తాన్యా
ఉడుకుతాండే ఎసరు చూసినట్టు.
ఇరవైసార్లు. ముప్పైసార్లు.
ఇంజను వేస్తే కుక్కపిల్ల మాదిరి ఒకసారి మూలిగి
ఊరుకుంది.

అప్పుడు లేచి వచ్చినాడు.
ఎడమచేతి ఒక్క వేలితో తిప్పినాడు.
పక్కింటి పిలకాయలు ఈలలు వేసినారు.

"ఎన్నాళ్ళ నుంచి మూలుగుతాంది ఇది?"
"పీర్ల పండగ ముందు నుంచి."
"చెప్పల్యా?"
"చెప్తే నువ్వేం చేస్తావనీ…"
నా మోచేతుల దాకా నూనె చూసి
మాట అక్కడే మింగినాడు.

రాత్రి బుజానికి నువ్వులనూనె రాసినా.
ఎంత సబ్బు పెట్టినా పోని ఇంజను వాసన
ఇద్దరికీ అంటుకుంది.
బండి కింద ఒక అట్ట పరిచొచ్చినా.
పొద్దున్నే చూడాల,
చుక్క పడిందో, లేదో.