కాలిన రాగి కొనను

చీపురుపల్లి రోడ్డులో నా పాతినప సామాన్ల కొట్టు.
తలుపు మీద సుద్దతో రాసుకున్నాను:
కాలిన రాగి కొనను.

పోయినేడు కొన్నాను. దాచుకోడమేటి?
తెల్లారకుండానే ఒక గుంటడు గోనెలో తెచ్చినాడు.
పదకొండు కిలోలు. నూనె కంపు.
వేళ్ళకంటిన మసి చీరకి తుడుచుకుని
కాటా వేసినాను. ముల్లు ఊగి ఊగి ఆగింది.
ఏ ఊరిదని అడగలేదు.
ఆ లాభంతోటే కొట్టుకి రేకులు మార్చినాను.

నాలుగు రోజులకి మా తమ్ముడు తవిటినాయుడు ఫోను:
"అప్పా, మా ట్రాన్స్‌ఫార్మరు పొట్ట కోసేసినారే.
గట్టంతా నూనె, ఖాళీ డబ్బా.
కేసు కాయితమైతే ఇచ్చినారు, కరెంటు లేదు.
ఊడ్చిన మడి నెర్రలిచ్చేసింది."

ఆ రాత్రి కాటా మీద నాను కూకున్నాను.
పదకొండు కిలోలు ఎక్కువే చూపింది
అనిపించింది. దీపం వెయ్యలేదు.

ఇప్పుడు ఎవడు గోనె దించినా
ముందు వాసన చూస్తాను.
"ఏ ఊరి నీర్రా ఇది?" అంటాను.
మాటాడకుండా ఎత్తుకుపోతారు, రాజాం వైపు.
అక్కడా కాటాలున్నాయి కదా.

అందుకే మొన్న బస్సెక్కినాను,
చేతిసంచిలో సుద్దముక్కలు.
తొలి కొట్టువోడు నవ్వినాడు.
రెండోవాడు టీ ఇచ్చినాడు, తలుపు ఇవ్వలేదు.
మూడో కొట్టు పారమ్మది.
ఆవిడ పుట్టింటి బోరూ మూగబోయిందట.
నా చేతిలో సుద్ద తీసుకుని,
తలుపు కొంగుతో తుడిచి,
'కాలిన'లో గుడి ఎక్కడ పెట్టాలని అడిగింది.