పదకొండో స్తంభం

కుప్పంలో నీళ్ల మోటారు నాదే, వీధిదీపాలూ నావే.
జీతం పంచాయతీది, వచ్చిన నెలలో వస్తుంది.

పొద్దు గూకంగానే మీట నొక్కుతా.
పద్నాలుగు స్తంభాల్లో పదమూడు వెలుగుతాయి.
పదకొండోది, వలలారేసే దిబ్బ మీదది,
ఉప్పుగాలి తిన్న ఇనుము.
గోటితో గీకితే
అట్టు అంచులా ఊడొస్తుంది.

అర్జీలు పెట్టినాం. వాకాట్లో ఒకటి, గూడూర్లో ఒకటి.
జిల్లా నెల్లూరు నుంచి తిరుపతికి మారినాక
మా కాగితమూ మూడు బస్సులు మారి
సోమవారం వరుసలో నిలబడింది,
కొండకు పోయే గుండ్ల నడుమ
ఎండుచేపల వాసనతో నేనూ.
"గోవిందా" అన్నాడు గుమాస్తా ముద్ర గుద్దుతా.
అది దీవెనో, అర్జీ పోయిందనో
ఇల్లు చేరిందాకా తేల్చుకోలేకపోయినా.

అందాకా నాగూరమ్మ
మొగుడి లాంతరు తెచ్చి స్తంభానికి కట్టింది.
ఆయన సముద్రంలో పోలా, ఆస్పత్రిలో పోయినాడు.
కిరసనాయిలు దొరక్క పడవ డీజిలే పోసింది.
దగ్గుతా, పొగ కక్కతా
ఏడు నెలలు వెలిగింది.

తర్వాత వచ్చింది కొత్త దీపం.
సున్నం కొట్టినట్టు తెలుపు.
కొబ్బరికాయ, ఫోటో; ఫోటోలో నా భుజం ఒకటి.
ఇసకలో చీమ కూడా కనిపించింది ఆ రాత్రి.

ఆ రాత్రే ఏకాంబరం పడవ
కుప్పం దాటి, ఉత్తరాన పక్కోళ్ల ఒడ్డెక్కింది.
తెల్లారి నడిచొచ్చినాడు, తడి లుంగీతో.
"తీరమంతా తెల్లగానే ఉంటే
మనది ఏదని రావాల మే?"

గ్రామసభలో అడిగినాం,
మా దీపం పసుప్పచ్చగా కావాలని.
వెనక ఎవరో కిసుక్కుమన్నారు.
సెక్రటరీ హసీనా మేడం నవ్వలా.
ఫారం అటూ ఇటూ తిప్పింది.
వాట్లకు గడి ఉంది, రంగుకు లేదు.
కారణం అన్న చోట
కాసేపు పెన్ను ఆపి రాసింది:
ఇంటికి రావడానికి.

జవాబు ఇంకా రాలా.
నిన్న నాగూరమ్మ పాత పసుపు బకెట్టు నిలువునా చీల్చి
నన్ను నిచ్చెనెక్కించింది.
సర్కారు ఆస్తి అత్తా, తాకితే తప్పంటారు అంటే
"తప్పు నాది, తాడు నీది, కట్టు" అనింది.
కట్టినా.
కింద నుంచి ఒకటే కేక:
"ఇంకొంచెం తిప్పు, ఇట్ట కాదు,
మనకు కాదురా అది,
సముద్రం పక్కకి!"