నాలుగు వందల గ్రాములు

ముప్పై ఏళ్ళుగా ఈ వంటింట్లో
నెత్తురు వాసన లేదు.
బంగాళాదుంపలు, బార్లీ జావ,
శనివారం పొద్దున రై రొట్టె.
ఇవాళ చెక్కపలక మీద
రెయిన్‌డీర్ గుండె ఒకటి
నల్లెర్రగా, అంచుల్లో మంచు కరుగుతూ,
చెప్పాపెట్టకుండా దిగిన చుట్టంలా కూర్చుంది.

మురూ, ఇదంతా నీ మూలానే.
మా భాషలో నీ పేరుకి రొట్టె రజను అని అర్థం.
రజనంత కుక్కపిల్లవి, పదహారు కిలోలయ్యావు.
చెవులు గోక్కుని గోక్కుని పుండ్లు చేసుకున్నావు.
పాదాలు నాకి నాకి
తెల్ల బొచ్చుకి తుప్పు పట్టించావు.
రాత్రంతా మంచం కింద టకటకమని నీ కాలు,
మంచం మీద కళ్ళు తెరుచుకుని నేను.
మూడు రకాల సంచులు మార్చాను.
ఎన్ని మార్చినా ఆ గోధుమరంగు గుళికలు
ఒకే వాగులో ఏరిన గులకరాళ్ళలా ఉండేవి.

డాక్టర్ ఎస్కెలినెన్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ
"మార్చమని చెప్పను, వద్దనీ చెప్పను.
కాలేయం మితి మీరకూడదు,
ఉడికించిన ఎముక అసలే కూడదు,
గిన్నె వేణ్ణీళ్ళతో కడుగు" అంది.
పై అంతస్తు తౌనో మాత్రం
తన ఫ్రీజర్‌లో సగం నా గుమ్మంలో దించి
"తోడేలుకి ఎవరు వండి పెట్టారు, కెర్తూ?" అన్నాడు.
ఆ తోడేలు నా సోఫా మీద
నా ఉన్ని శాలువాలో ముక్కు దూర్చి
గుర్రు పెడుతోంది అప్పుడు.

ఉన్ని కండెలు తూచే త్రాసు తీశాను.
రోజుకి నాలుగు వందల గ్రాములు.
అందులో కాలేయం ఇరవై.
కోడిమెడ ఒకటి, ఎముకతో సహా.
తలుపు వేసుకుని కత్తి పట్టుకున్నాను.

వణుకుతుందనుకున్న చెయ్యి వణకలేదు.
కత్తి మొన దానంతట అదే
పొర కింద దారి వెతుక్కుంది,
కొవ్వుని కండ నుంచి
తడిసిన గ్లవ్ తీసినట్టు తీసింది.
బొటనవేలు ఎక్కడ ఆనాలో బొటనవేలికి తెలుసు.
నేను మరిచిపోయానంతే,
మణికట్టు మరవలేదు.

పెట్టాను. వాసన చూశావు. తుమ్మావు.
హోటల్లో పక్క బల్ల వాళ్ళ పళ్ళెం
తనకి తెచ్చిపెట్టినవాడిలా
నా వంక మర్యాదగా చూశావు.
రెండో రోజు కోడిమెడని నోట కరుచుకుని
హాలంతా ఊరేగించి
నా చెప్పు కింద దాచావు.
మూడో రోజు నేనే నేల మీద
నాలుగు కాళ్ళ మీద వంగి
ఖాళీ నోటితో గాలిని కసాబిసా నమిలాను.
సరిగ్గా అప్పుడే తౌనో తలుపు తీశాడు.
ఏమీ అనకుండా మూసేశాడు.

నాలుగో రోజు సాయంత్రం
బయట మంచు పారతో తోడే చప్పుడు ఆగాక
వంటింట్లోంచి వినిపించింది:
చిటుక్.
మళ్ళీ చిటుక్.
చలికాలం చివర నది మీద మంచుగడ్డ
మొదటిసారి బీట వారినట్టు.
వెళ్ళి చూడలేదు. ఇటు గోడకి ఆనుకుని విన్నాను.

తగ్గిందా అని అందరూ అడుగుతారు.
ఎడమ చెవి ఆరింది. కుడిది ఇంకా లేదు.
పొట్ట రెండు రోజులు చెడింది,
తివాచీ ఒకటి పోయింది.
బొచ్చు మెరుస్తోందని తౌనో ఒట్టేస్తాడు,
నవంబర్‌లో ఔలులో
ఏది మెరుస్తుందో చెప్పడం కష్టం.

ఫ్రీజర్ నిండిపోయి మిగిలిన పొట్లాలు
బాల్కనీలో పెట్టాను, మైనస్ పద్దెనిమిది.
మూడుసార్లు సబ్బుతో చేతులు కడిగి
నా దుంపల కూర నేను తిని
మంచం అంచున కూర్చుంటే
వచ్చావు.
నా వేళ్ళ సందుల్లో, గోళ్ళ మొదళ్ళలో
సబ్బు చేరని చోటల్లా
నెమ్మదిగా, పనిలా నాకావు.

సాసేజ్ ఫ్యాక్టరీలో
పదకొండేళ్ళు కత్తి పట్టానని
ఈ మెట్ల మీద ఎవరికీ చెప్పలేదు.
సరే, నీకు తెలిసిపోయింది.
ఆ చెయ్యి కూడా నాదే, నాకు.
రేపు మంగళవారం,
కాలేయం ఇరవై గ్రాములు.