ఏటి

ఏడు రోడ్ల కూడలి దగ్గర, మందులషాపు మేడమీద
నా గది. రెండు కుర్చీలు, ఒక గడియారం,
ఎవరూ ముట్టని టిష్యూ పెట్టె.
గనగళ్ల దానేసు కుర్చీ అంచునే కూర్చుంటాడు
పడవ వారమీద కూర్చున్నట్టు.
ముందు కిటికీలోంచి గాలి ఎటుందో చూస్తాడు.
తర్వాతే నన్ను.

నిద్ర లేదని పెద్దాసుపత్రి డాక్టరు పంపాడు.
పదినెలలు వెరావల్ బోటుమీద, రెండు నెలలు ఇక్కడ,
పద్దెనిమిదేళ్లుగా.
"మంచం ఊగదండి. ఎలా పడుకుంతాను?"
"మీకు ఏమనిపిస్తోంది?" అంటాను నేను
రేడియో వార్తల తెలుగులో.

మూడు వారాలు అలాగే.
ఆయన చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని:
అక్కడ మదరాసీ. ఇక్కడ గుజరాతోడు.
నానొస్తే ఇంటిది నా పాత కంచం పక్కనెట్టి
సుట్టాలకి తీసే పింగాణీ ప్లేటు తీస్తాది.
గుంట వచ్చినరోజే అడిగినాది,
మళ్లీ ఎప్పుడెల్తావు నాన్నా అని.
కోపంగా కాదండి. కేలెండరు సేత్తో అట్టుకుని.

నాలుగో వారం వాన.
"సంద్రంమీద ఇల్లు కలొస్తాది. ఇంట్లో సంద్రం కలొస్తాది.
మెలకువొచ్చి సెయ్యెట్టి తడుముకుంతాను,
ఎక్కడున్నానో అని."

"ఏటి తగుల్తాది సేతికి?"

అడిగింది నేనే.
హైదరాబాదు హాస్టల్లో మొదటిరాత్రి ఈ ఒక్క మాటకి
పదకొండు మంది నవ్వారు.
మడతపెట్టి ట్రంకుపెట్టె అడుగున పడేశాను.
అమ్మతో ఫోన్లో కూడా తీయలేదు.

దానేసు మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.
"నీదేవూరమ్మా?"

ఇలాంటిది అడిగితే తిరిగి అడగమని నేర్పారు మాకు,
ఎందుకు తెలుసుకోవాలనుకుంటున్నారు, అని.
నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.
"వంగర దగ్గర. సువర్ణముఖి ఏటి గట్టున ఉండేది.
మడ్డువలస డ్యామొచ్చినాది. ఇప్పుడు నీళ్లకింద."

అయ్యోపాపం అనలేదు.
"ఎంత లోతుంటాది?" అన్నాడు
పనివాడు పనిగురించి అడిగినట్టు.

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. నాకు తెలీదు.
"తాడూ సీసంగుండూ ఉంటే సెప్పీగల్ను" అని
రెండు చేతులూ చాపి గాలిలో
ఒక బార, రెండు బారలు, మూడు,
గోడ తగిలేదాకా కొలిచాడు.

గంట ఎప్పుడో దాటిపోయింది.
కింద షట్టరు సగం దించారు.
మెట్లు దిగిపోయి, మళ్లీ నాలుగు మెట్లెక్కి వచ్చి
తల మాత్రం లోపలికి పెట్టాడు:
"సేతికేటీ తగల్దు. అదే నీకు సెప్పాలనుకున్నాను."

ఆ రాత్రి ఫైల్లో రాశాను:
లోతు తెలియదు.
వచ్చేవారం చూడాలి.