మిల్లు బిళ్ళ

నెల్లిమర్ల నుంచి ట్రాలీ ఆటోలో
పడుకోబెట్టి తెచ్చారు దాన్ని,
జ్వరం మనిషిని తెచ్చినట్టు మీద దుప్పటి కప్పి.
మూడు లాంతర్ల దగ్గర నా కొట్టు ముందు దింపేసరికి
ఒళ్ళంతా జనపనార నూగు.

సత్యవేణి అంది:
"నాన్న వీడియోగేముల కొట్లో ఇదొక్కటే మిగిలింది.
జిరాక్సు మిషనుకి సోటు సాల్దు.
బాగుసేస్తావో, మార్సీసి ఇంకోటి సేస్తావో
శనివారంలోగా సెప్పీ."

ఢిల్లేశ్వర్రావు, నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు,
వాడికి ఆలోచనే అక్కర్లేదు:
"ట్యూబు పీకీ అన్నా, పాతిక కేజీల దండగ.
పల్చటి తెర పెడదాం. అరచేతిలో పట్టే బోర్డులో
మూడువేల ఆటలొస్తాయి.
బిళ్ళ వెయ్యక్కర్లేదు, నొక్కితే చాలు."

నేను వెనక తలుపు విప్పి
టార్చి పట్టుకుని లోపలికి దూరాను.
బల్లిగుడ్ల పెంకులు, ఉబ్బిన కెపాసిటర్లు,
పచ్చగా చిలుము పట్టిన కనెక్టరు.
పాతదాన్ని పాతగానే నిలబెడతానని
చెప్పేద్దామనే అనుకున్నాను,
పక్కన అతికించిన రంగు కాగితం
ఓ మూల ఊడి కనిపించేదాకా.

గోటితో లాగాను.
విమానాల కింద కార్లు,
కార్ల కింద ఎవడో కండల వీరుడి మోచెయ్యి,
వాడి కింద ఉత్త మామిడి చెక్క,
చెక్క మీద పెన్సిలుతో వడ్రంగి లెక్క:
అడుగులు, అంగుళాలు, బొబ్బిలి అడ్రసు.
ఏ జపానునుంచో వచ్చిందనుకునేవాళ్ళం మేం.
పెళ్ళి బీరువాలు చేసే చేతులే దీన్నీ చేశాయి.

తెర వెలగకపోయినా కనిపిస్తున్నాయి
గాజు లోపల కాలిపోయిన అక్షరాలు,
ఒకదాని మీద ఒకటి రెండు ఆటల పేర్లు,
సరిగా తుడవని పలక మీద నిన్నటి ఎక్కాల్లా.

మరి దేన్ని బాగుచెయ్యాలి?
గవరయ్య బతుకంతా దీన్ని మారుస్తూనే ఉన్నాడు,
కుర్రాళ్ళు విసిగినప్పుడల్లా
విశాఖ వెళ్ళి కొత్త బోర్డు గుడ్డసంచిలో వేసుకొచ్చి.
అసలేదని వెతుకుతుంటే
చేతికి తగిలిందంతా వడ్డీయే.

ఆఖర్న డబ్బుల పెట్టె.
తాళంచెవి లేదు. స్క్రూడ్రైవరుతో తెరిస్తే
రూపాయి ఒక్కటీ లేదు. ఇనప బిళ్ళలు,
ముప్పయ్యో నలభయ్యో.
జూటుమిల్లు మగ్గాల వాషర్లు,
అంచు అరగదీసి రూపాయంత చేసినవి,
నడిమి బొక్క సీసంతో పూడ్చినవి.
నాకు చెమట పట్టింది.
వాటిలో మూడు నా పనితనమే.

మా నాన్న ఆకురాయి. రెండో షిఫ్టు కూత.
దొడ్డిగుమ్మం మెట్టు మీద గరగరా రాయడం,
అన్నం తింటున్నా వదలని ఇనప వాసన.
ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నావని
అడిగినవాళ్ళకి నేనెప్పుడూ
ఇంకో పేరు చెబుతుంటాను.

శనివారం సత్యవేణి వచ్చింది.
బల్ల మీద పోసిన బిళ్ళల్ని చూసి
ఆశ్చర్యమేమీ పోలేదు.
"నాన్నకి సప్పుడు తెలిసీది.
రూపాయైతే కణంగుమనీది,
మిల్లుదైతే టప్పుమనీది, అంతే.
లాకౌటు పడిన యేడు అన్నీ టప్పులే.
లెక్క నానే రాసీదాన్ని.
పట్టుకోమంటావా అంటే
ఆడనీవే, ఇంటికెల్లి ఏటి సేస్తారు అనీవోడు."

నువ్వు ఆడేదానివా, అని అడిగాను.
చిల్లర ఇచ్చే చెయ్యి గుర్తుంది నాకు,
చెయ్యి వెనక పిల్ల గుర్తు లేదు.
"ఆట నాకు రాదు. ఆ సప్పుడుంటే సాలు."

సరే. ట్యూబు ఉన్నన్నాళ్ళు ఉంటుంది.
పోయిన రోజున ఢిల్లేశ్వర్రావు మాటే చెల్లుతుంది.
కాగితాలు ఊడినంతవరకే ఊడి ఉంటాయి.
నాణెం సందు ఒక్కటీ ఊడదీసి
కిరసనాయిలుతో కడిగి
కొత్త స్ప్రింగు వేశాను.
బిల్లు మీద మరమ్మతు అని రాసి కొట్టేశాను,
మార్పు అని రాసి కొట్టేశాను,
అంకె ఒక్కటే మిగిలింది.

ఆమె వంగి బ్యాగులో డబ్బు వెతుక్కుంటోంది.
నా బిళ్ళల్లో ఒకటి తీసి
సందులో వదిలాను.
టప్పు.

తలెత్తకుండానే అంది:
"మిల్లుది."